ఉక్కు అంచు – ఆకురాయి



వడ్రంగి రంపమునకు పదును పెట్టుట మనలో అనేకులు బాల్యమందు చూచియే యుందురు. అతడు రంపమును రెండు కొయ్యల నడుమ బిగించి, ముక్కోణపు ఆకురాయిని చేతబట్టి, ఒక్కొక్క పంటిని వరుసగా రాచుకొనుచు పోవును. ఆ కీచుధ్వనికి పిల్లలు చెవులు మూసికొందురు. కాని అక్కడినుండి కదలరు. పని ముగిసిన పిదప వడ్రంగి రంపమును గోడకు తగిలించును. ఆకురాయిని మాత్రము ఊరక పడవేయడు. దానిని ఒక పాత కుంచెతో దులిపి, గుడ్డలో చుట్టి, సంచిలో వేరుగా పెట్టుకొనును. రంపము పదునెక్కుట మనకు జ్ఞాపకమున్నది. ఆకురాయిని దులుపుట మనము గమనించియుండము. నేటి మా ప్రసంగమంతయు ఆ గమనింపని చిన్న పనిని గూర్చియే.

అయితే ఆ పని విలువ మాకు తెలిసినది వడ్రంగి చావడిలో కాదు. సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల ఎత్తుననున్న గుల్‌మార్గులో, కాశ్మీరపు మంచులో, ఒక మిత్రుని యెముక విరిగిన పిమ్మట తెలిసినది. తెలుగునాట మంచు పడదు. స్కీలు కట్టుకొని తిరుగువారును లేరు. కాబట్టి ముందుగా స్కీ యనగా నేమో, దాని అంచునకు ఆకురాయితో నేమి పనియో విన్నవించి, తరువాత మా కథకు వచ్చెదము.

స్కీ యనునది నార్వే దేశపు మాట. చీల్చిన కట్టె యని దాని మొదటి అర్థము. లోతైన మంచులో మనుష్యుడు నడువబోయినచో మోకాలివరకు దిగబడును. పొడవైన పలకలను పాదములకు కట్టుకొన్నచో శరీరభారము విశాలముగ పరచుకొని, మనుష్యుడు మంచు పైననే నిలుచును, వాలున్నచోట జారిపోవును. ఉత్తరదేశములవారు వేల సంవత్సరములుగా ఇట్లు సంచరించుచున్నారు. వేటకు, వర్తకమునకు, చుట్టములను చూచుటకు కూడ వారికి చలికాలమున ఇదియే వాహనము. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతమునకు చెందిన సోండ్రె నోర్‌హైమ్ అను రైతుబిడ్డ ఈ పలకల నడుమును కొంచెము సన్నముగ చెక్కి, మడమ చుట్టును కట్టు బిగించి, వాలులో సులభముగ మలుపు తిరుగు విద్యను చూపెను. అతడు 1868లో నేటి ఓస్లో నగరమునకు వచ్చి పందెములో పాల్గొన్న పిమ్మట ఆ విద్య దేశమంతట ప్రసిద్ధి కెక్కెను.

జారుట సులభము, ఆగుటయే కష్టము. ఈ మాట స్కీ విషయమున అక్షరాల సత్యము. పలకను చదునుగ ఉంచినచో అది జారును. పక్కకు ఒరిగించి, దాని అంచును మంచులో గ్రుచ్చినచో అది మలుపు తిరుగును, వేగము తగ్గును, ఆగును. మెత్తని క్రొత్త మంచులో ఏ అంచైనను దిగును. కాని ఎండకు కరిగి, రాత్రి చలికి మరల గడ్డకట్టిన మంచు గాజుపలకవలె నుండును. అట్టిచోట మనుష్యుని బరువంతయు ఒక సన్నని గీత మీద నిలిచినగాని పలక పట్టు దొరకించుకొనజాలదు. ఆ గీతయే అంచు. పూర్వపు స్కీల అంచు కొయ్యయే గనుక గట్టిమంచుకు త్వరలోనే అరిగి గుండ్రమై పోయెడిది.

ఈ చిక్కును తీర్చినవాడు ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గ్ ప్రాంతమువాడైన రుడాల్ఫ్ లెట్నర్. ఉద్యోగమున లెక్కలు వ్రాయువాడు, మనస్సంతయు కొండలపైన. ఒకమారు గట్టిమంచు వాలులో కాలుజారి, చేతికర్రకు బిగించిన ఉక్కుమొన సాయముతో ఆగి బ్రతికి బయటపడెనట. ఉక్కుమొన పట్టిన పట్టు కొయ్య పట్టలేదని ఆయనకు తోచినదని చెప్పుకొందురు. తరువాత అనేక ప్రయత్నములు చేసి, సన్నని ఉక్కు ముక్కలను కొయ్య పలక అంచున వరుసగా పేర్చి, మరలతో బిగించు పద్ధతిని కనుగొని, 1926లో దానికి హక్కుపత్రమును పొందెను. ఆ మరలు వదులగుట, ముక్కలు ఊడుట ఆ కాలపు స్కీదారుల నిత్యబాధ. వారు అదనపు ముక్కలను, మరలను జేబులో వేసికొని తిరిగెడివారు. 1950 ప్రాంతమున అమెరికాలో విమానముల పని తెలిసిన హోవార్డ్ హెడ్ అను ఇంజనీరు లోహపు రేకులతో స్కీని నిర్మించెను. నేటి స్కీలకు చివరినుండి చివరివరకు ఉక్కు అంచు పలకలోనే కలిసిపోయి యుండును. బయటికి కనబడు ఆ ఉక్కు మందము సుమారు రెండు మిల్లీమీటర్లు మాత్రమే. పర్వతపు వాలులో మనుష్యుని ప్రాణమునకు ఆధారము ఆ రెండు మిల్లీమీటర్లు.

ఉక్కైనను అరుగును. మంచు క్రింద దాగియున్న రాళ్లు తగిలినప్పుడు గంట్లు పడును. తడిగా విడిచినచో ఒక్క రాత్రిలో తుప్పు పట్టును. అందువలన స్కీదారులు అప్పుడప్పుడు అంచును ఆకురాయితో రాచి పదును పెట్టుకొందురు.

ఇక మా కథ. 2023 ఫిబ్రవరి నెలలో కొన్ని ముఖాముఖి సంభాషణలను ధ్వనిముద్రణ చేసికొనుటకై మేము గుల్‌మార్గు వెళ్లితిమి. మన సైన్యమువారు 1948లో స్కీ విద్య నేర్పుటకై అక్కడ ప్రారంభించిన పాఠశాల నేడు ఉన్నతపర్వతయుద్ధ శిక్షణకు పెద్ద కేంద్రమై యున్నది. 2022లో బీజింగు శీతకాలపు ఒలింపిక్సులో జెయింట్ స్లాలొమ్ అను మలుపుల పందెమును 45వ స్థానమున ముగించిన ఆరిఫ్ ఖాన్ ఆ ప్రాంతమువాడే. మా కళాశాల మిత్రుడొకడు, విశాఖపట్టణమువాడు, ఢిల్లీలో ఇంజనీరుగా నుండి, ప్రతి చలికాలము స్కీ విద్య నభ్యసించుటకు అక్కడికి వచ్చుచుండెడివాడు. ఆ వారము అతడును అక్కడనే యుండెను.

ఒక సాయంకాలము అతడు బసకు వచ్చి, "ఇవాళ అంచు పట్టడం లేదోయ్. ఉదయం మంచు గట్టిగా ఉంటుంది. కాస్త రాస్తే బాగుండును గాని, నాకు ఒళ్లు నొప్పులు" అనెను. మేము వెంటనే, "అదెంత పని, నేను చేసి పెడతాను లే" అంటిమి. పట్టాపుచ్చుకొన్న చేతులకు పనిముట్టు కూడ లోబడునని మా నమ్మకము. బస యజమాని పెట్టెలో ఒక ఆకురాయి దొరికెను. కిటికీల అల్యూమినియపు చట్రములను సరిచేయుటకు దానిని వాడుచుండిరని తరువాత తెలిసినది. స్కీలింకను తడిగా నున్నవి. వానిని ఒడిలో పెట్టుకొని, ఆకురాయిని ముందుకు వెనుకకు బలముగ లాగుచు, అరగంట శ్రమించితిమి. అంచంతయు తళతళ మెరసినది. ఆ మెరుపును చూచి మేము సంతోషించితిమి, మిత్రుడును మెచ్చుకొనెను. మెరుపునే పదునని మేమిద్దరము భ్రమించితిమి.

మరునాటి ఉదయము ఎనిమిది గంటలకు, వాలు ఇంకను నీడలో నుండగా, అతడు దిగుటకు మొదలు పెట్టెను. మేము క్రిందనుండి చూచుచుంటిమి. మొదటి రెండు మలుపులు బాగుగనే తిరిగెను. మూడవ మలుపున పలక ప్రక్కకు ఒరిగినది గాని మంచును పట్టలేదు. అతడు పక్కకు జారి, చాలదూరము దొర్లి, దారి హద్దుకు పాతిన గుంజకు భుజము తగిలి ఆగెను. మెడయెముక విరిగెను. మరి పది బారలు అవతల దేవదారు వృక్షములు. ఆ పది బారలను గూర్చి మేమిప్పటికిని తలచుకొనుచుందుము.

మిత్రుని వైద్యుల కప్పగించిన పిమ్మట, మధ్యాహ్నము, మేము ఆ స్కీలను చేతబట్టుకొని, మరమ్మతు చేయు ఒక వృద్ధుని కొట్టునకు పోయితిమి. ఆయన కాశ్మీరీ, మాతో హిందీలో మాటాడెను. స్కీని వెలుతురుకు ఎత్తి, అంచు వెంబడి బొటనవ్రేలి గోటిని అడ్డముగ లాగి, మరల చూచి, "దీనిని దేనితో రాచితిరి?" అని అడిగెను. మేము బసకు పోయి ఆకురాయిని తెచ్చి యిచ్చితిమి. ఆయన దానిని కిటికీ వద్దకు తీసికొనిపోయి, ఏటవాలుగ పట్టి, మాకు చూపెను. పళ్ల మధ్య చాళ్లలో తెల్లని లోహము గట్టిగ కూరుకొని యున్నది. కొన్నిచోట్ల అది పళ్లకంటె ఎత్తుగ లేచి గుబ్బలు కట్టియున్నది. "జనాబ్, ఇది కోయలేదు, గీకినది. మీరు మెరుపనుకొన్నవి గీతలు" అనెను. స్కీ అంచును మా గోటికి ఆనించెను. పదునుగల అంచు గోటినుండి సన్నని పొడిని లేపవలెను. ఆ అంచు ఊరక జారిపోయినది.

"ప్రమాదమునకు ఇదే కారణమా?" అని మేము అడిగితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "పడుటకు కారణములనేకములు. మంచు గట్టిది, వేగమెక్కువ, మనుష్యుడు అలసియున్నాడు. కాని అంచు పదునుగ నున్నచో అతనికి ఇంకొక అవకాశముండెడిది" అనెను. మాపై నేరము మోపలేదు, తప్పించలేదు కూడ. తరువాత, "ముందు దీనిని బాగుచేయుదము, స్కీని తరువాత చూతము" అని ఆకురాయిని బల్లపై పెట్టెను. ఆ మధ్యాహ్నము మేము నేర్చుకొన్న పాఠమును మీకు వివరించెదము.

ఆకురాయి ఒక చిన్న పొలమువంటిది. నాగటిచాళ్లవలె దానిపై వరుసగా చాళ్లుండును. చాళ్ల మధ్య లేచిన గట్లే పళ్లు. ఒక్కొక్క పన్ను ఒక చిన్న ఉలి. అది లోహమును సన్నని పొడిగ చెక్కును. దానినే మనము రజను అందుము. చెక్కబడిన రజను చాలులో చేరును. చాలు ఖాళీగ నున్నంతవరకు పన్ను చెక్కుచుండును. చాలు నిండినచో పన్ను లోహమును తాకదు. నిండిన రజనే తాకును. గుబ్బకట్టిన రజను అంచుమీద లోతుగ గీరును. అల్యూమినియము, ప్లాస్టిక్, మైనము వంటి మెత్తని పదార్థములు చాళ్లలో త్వరగ కూరుకొనును. మా ఆకురాయి గతి అదే.

ఈ పళ్లు చెక్కుట యెంత కష్టమో చరిత్ర చెప్పును. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున 19వ శతాబ్దమందు ఆకురాళ్లు చేయువారు సీసపు దిమ్మపై ఉక్కు పట్టీని పెట్టి, ఉలితో, సుత్తితో ఒక్కొక్క పంటిని చేతితో కొట్టెడివారు. ఆ సీసపు ధూళివలన వారిలో అనేకులు రోగగ్రస్తులైరి. 1864లో అమెరికాలోని ప్రావిడెన్సు నగరమున నికల్సన్ సంస్థ యంత్రముతో పళ్లు కోయు పద్ధతిని వ్యాపారముగ ప్రారంభించినది. పళ్లు కోసిన పిదప ఆకురాయిని కాల్చి, చల్లార్చి, గట్టిపరచుదురు. కాఠిన్యమును తెలుపు రాక్‌వెల్ కొలతలో ఆకురాయి 60 దాటును. స్కీ అంచు ఉక్కు సామాన్యముగ 50 ప్రాంతమున నుండును. ఆ వ్యత్యాసమే ఆకురాయి బలము. కాని అంత గట్టిదగుటవలన అది పెళుసు కూడ. క్రిందపడినచో విరుగును, మరియొక ఉక్కుతో ఒరసినచో పళ్లు రాలును.

వృద్ధుడు మొట్టమొదట ఒక పొట్టి తీగలుగల గట్టి కుంచెను తీసెను. ఆకురాయి పళ్లు ఏటవాలుగ నుండును. కుంచెను ఆ ఏటవాలు వెంబడి, అనగా చాలు పొడవునకే లాగవలెను. పళ్లకు అడ్డముగ రుద్దరాదు. అడ్డముగ రుద్దినచో రజను కదలదు, పళ్ల కొనలు మొద్దుబారును. కుంచెకు లొంగని గుబ్బలకు ఆయన మరియొక ఉపాయము చూపెను. ఒక సన్నని ఇత్తడి రేకును తీసికొని, దాని కొనను చాళ్ల వెంబడి ఒత్తుచు నెట్టెను. ఇత్తడి మెత్తనిది గనుక పళ్లకు హానిచేయదు. పైగా కొంతసేపటికి ఆకురాయి పళ్లే ఆ రేకు కొనను దువ్వెనగ కోసినవి. ఆ దువ్వెన పళ్లు చాళ్లలో సరిగ్గ దిగి, కూరుకొన్న అల్యూమినియమును నెట్టుకొని వచ్చినవి. ఈ పనికి ఉక్కుమేకు వాడరాదు.

చాళ్లు శుభ్రమైన పిదప ఆయన ఒక సుద్దముక్కను తీసి ఆకురాయి ముఖమంతట రుద్దెను. మేము ఆశ్చర్యపడితిమి. సుద్ద చాళ్లలో పలుచగ చేరి, రజనును గట్టిగ అంటుకొననీయదు. కుంచె తగిలిన వెంటనే రజనును సుద్దను కలిసి రాలిపోవును. చమురు జిడ్డును కూడ అది పీల్చును. బడిపిల్లవానికి పలకకు కావలసిన సుద్దయే ఉక్కునకును మేలుచేయుట చూడ ముచ్చటగా నుండెను. మేము ఆకురాయి ముఖమును వ్రేలితో తడిమి చూడబోగా ఆయన వారించెను. వ్రేళ్ల జిడ్డు అంటినచోట పళ్లు పట్టక జారును. రజనును నోటితో ఊదుట కూడ కూడదు. అది కంటిలో పడును, ఊపిరిలో చేరును.

ఆకురాయి సిద్ధమైన పిదప స్కీ వంతు వచ్చినది. ఆయన స్కీని పట్టుగొయ్యలో బిగించి, పొడిగుడ్డతో తడి తుడిచి, అడుగుననున్న మైనపు మరకలను తీసివేసెను. తడిమీద రాచినచో రజను ముద్దకట్టి చాళ్లలో చేరును. తరువాత అంచు నంతయు చూచి, రాయి తగిలి గంటుపడిన రెండు చోట్లను సుద్దతో గుర్తు పెట్టెను. రాతి దెబ్బకు ఆ చిన్నచోటున ఉక్కు వేడెక్కి, నలిగి, మామూలు అంచుకంటె గట్టిపడును. దానిపై ఆకురాయి పెట్టినచో అరుగునది ఆకురాయి పళ్లే. అట్టిచోట ముందుగ వజ్రపు పొడి అద్దిన చిన్న పలకతో మెల్లగ రుద్ది ఆ గట్టి పొరను తీసివేయవలెను. వజ్రమును వజ్రముతోనే కోయవలెనన్న మన సామెత మాకు స్ఫురించినది.

అంచునకు రెండు ముఖములు. ఒకటి అడుగువైపు, ఒకటి పక్కవైపు. అడుగు ముఖమును అర డిగ్రీ మొదలు ఒక డిగ్రీవరకు పైకి వాల్తురు. లేనిచో పలక చదునుగ జారునప్పుడు కూడ అంచు మంచును పట్టి మనుష్యుని తడబెట్టును. పక్క ముఖమును ఒకటి మొదలు మూడు డిగ్రీలవరకు లోనికి వాల్తురు; దానివలన అంచు మంచులో దిగును. ఒక డిగ్రీని చేతితో, కంటితో పట్టుట ఎవరికిని సాధ్యము కాదు. అందువలన కోణము తప్పకుండ ఆకురాయిని పట్టియుంచు ఒక చిన్న దిమ్మెను వాడుదురు. మేము ఒడిలో పెట్టుకొని చేసిన పని ఎట్టిదో అప్పుడు బోధపడినది.

వృద్ధుడు అంచు పొడవునను నల్లసిరా పూసెను. ఆకురాయి తగిలినచోట సిరా పోవును, తగులనిచోట నిలుచును. ఇంతకు మించిన సాక్షి లేదు. ఆకురాయి పళ్లు ఒక దిక్కుననే కోయును. పిడినుండి కొనవైపు నెట్టునప్పుడు మాత్రమే కోత. వెనుకకు తెచ్చునప్పుడు దానిని పైకెత్తవలెను. వెనుకకు ఈడ్చినచో కోత యుండదు, పళ్లు మాత్రము నలుగును. బలము ప్రయోగింపనక్కరలేదు. పదునుగల ఆకురాయి తన బరువునకు కొంచెము తోడైన చాలును. నాలుగైదు మారులు నెట్టిన పిమ్మట ఆయన ఆగి, ఆకురాయిని బల్లకొయ్యకు మెల్లగ తట్టి, కుంచెతో ఒకమారు తుడిచి, అంచును గుడ్డతో తుడిచి, మరల మొదలు పెట్టెను. మేము లెక్కపెట్టితిమి. రాచిన కాలమెంతయో దులిపిన కాలమును దాదాపుగ అంతయే.

సిరా సమముగ పోయిన వెంటనే ఆయన ఆపివేసెను. "ఇంకొక రెండు మారులు నెట్టితే ఇంకను పదునెక్కదా?" అంటిమి. "పదును పెరుగదు, అంచు తరుగును" అనెను. పదును పెట్టుట యనగా ఉక్కును పోగొట్టుకొనుటయే. ఉన్నది రెండు మిల్లీమీటర్లు. అవసరమునకు మించి రాచినవాడు తన స్కీ ఆయుస్సును రాచివేయుచున్నాడు. చాళ్లు నిండిన ఆకురాయితో పదిమారులు రాచి చేయలేని పని శుభ్రమైన ఆకురాయి మూడు మారులలో చేయును. కనుక ఆకురాయిని దులుపుట స్కీ ఆయుస్సును కాపాడుట కూడ. చివరకు రెండు ముఖములు కలియుచోట వెండ్రుకవలె వ్రేలాడు సన్నని లోహపు పొరను మెత్తని సానరాతితో తీసివేసి, స్కీ ముందుకొన వద్దను, వెనుకకొన వద్దను పదునును కొంచెము తగ్గించెను. అక్కడ పదును మిక్కుటమైనచో మలుపు మొదలుననే పలక మంచును పట్టి లాగునట. ఇంతయు ముగిసిన పిదప అంచును మా గోటికి ఆనించెను. ఈసారి గోటినుండి తెల్లని పొడి లేచినది.

బయలుదేరుచు ఆకురాయిని మేము చేసంచిలో పడవేయబోగా ఆయన మరల చేయి పట్టుకొనెను. ఆకురాళ్లను ఇతర పనిముట్లతో కలిపి వేసినచో ఉక్కుతో ఉక్కు ఒరసి, వాడకయే మొద్దుబారును. ఒక్కొక్కదానిని వేరుగ పొడిగుడ్డలో చుట్టవలెను, లేదా గోడకు తగిలింపవలెను. తడి తగిలినచో పంటి కొననే మొదట తుప్పు తినును. అందువలన వాడిన పిమ్మట తుడిచి, కుంచెతో దులిపి, పొడిచోట ఉంచవలెను. మైనము, ప్లాస్టిక్, అల్యూమినియము రాచుటకు వేరు ఆకురాయి, ఉక్కునకు వేరు. ఇంతకంటె శాస్త్రమేమియు లేదు.

తిరుగు ప్రయాణమున మాకు మా ఊరి కంసాలి జ్ఞాపకము వచ్చెను. అతడు బంగారమును రాచునప్పుడు ఒడిలో తోలు పరచుకొనును. ఆకురాయిని దాని మీదనే దులుపును. ఒక్క రేణువు నేలపాలు కానీయడు. ఆ రజను బంగారము గనుక అతని ఆకురాయి ఎల్లప్పుడు శుభ్రముగ నుండును. ఇనుప రజనుకు వెలలేదు గనుక మన ఆకురాయిని మనము దులుపము. కాని ఆ వెలలేని రజను చాలులో నిలిచినందుకు మా మిత్రుడు చెల్లించిన వెల తక్కువ కాదు. విరిగిన యెముకకు చేయి కట్టుకొని అతడు ఆరు వారములు గడపెను. రేడియోలో పనిచేయు మాకు ఇది ముందే తెలిసియుండవలసినది. టేపుల కాలమున, ధ్వనిని పట్టు యంత్రపు తలను ప్రతి ముద్రణకు ముందు స్పిరిటుతో తుడుచుట మా మొదటి పాఠము. తుడువనిచో ఎంత గొప్ప గాయకుని కంఠమైనను బొంగురుపోవును. ఒక పనిముట్టు విషయమున తెలిసిన సత్యమును మరియొక పనిముట్టునకు అన్వయించుకొనకపోతిమి. చదువు చేతికి దిగకపోవుట యనగా ఇదియే కాబోలు.

తెలుగునాట మన ఇండ్లలో స్కీలుండవు. కాని పారకు, గునపమునకు, చెట్లుకొట్టు కత్తికి పదును పెట్టు ఆకురాయి తోటగల ప్రతి యింట ఒకటి యుండును. ఎక్కువచోట్ల అది అటకమీద, మేకుల డబ్బాలో, తుప్పుపట్టి యుండును. ఈ ఆదివారము దానిని ఒకమారు దింపి, వెలుతురుకు ఏటవాలుగ పట్టి చూడుడు. చాళ్లు కనబడుచున్నవా, నిండియున్నవా? ఒక గట్టి కుంచె, ఒక ఇత్తడిరేకు ముక్క, ఒక సుద్దముక్క, పావుగంట కాలము. పదును తగ్గిన కత్తిని నిందించుటకు ముందు దానికి పదును పెట్టు వస్తువును పరీక్షించుట న్యాయము.

మరుసటి చలికాలము మిత్రుడు మరల గుల్‌మార్గు వెళ్లెను. అక్కడినుండి మాకొక జాబు వ్రాసెను. "భుజం బాగానే అతుక్కుంది. నిన్న గట్టిమంచు మీద దిగాను, అంచు పట్టింది. ఆ ముసలాయన నీ క్షేమం అడగలేదు గాని, నీ ఆకురాయి ఎలా ఉందని అడిగాడు" అని అందులో నుండెను. ఆకురాయి క్షేమముగనే యున్నది. బస యజమానికి క్రొత్తది కొనియిచ్చి, ఆ పాతదానిని మేము అడిగి తెచ్చుకొంటిమి. మా యింటి గోడకు, మేకుకు, గుడ్డలో చుట్టి తగిలించియున్నాము. దాని ప్రక్కనే ఒక సుద్దముక్క.